ఖాళీ గ్లాసు పాఠం

బి.ఎడ్. చదువుతున్న మా వాడకట్టు పిల్లలు అప్పుడప్పుడు మా అరుగు మీదికి వస్తారు. "తాతా, నువ్వు ట్రైనింగ్ కాలేజీల పనిచేసినవట గదా, పాఠం ఎట్ల చెప్పాలెనో మాకు జర నేర్పు" అని ఆట పట్టిస్తారు. నేను ఆరో జమాతు దాటని మనిషిని. అయినా మొహమాటపడను. ట్రైనింగ్ పాఠాలు నేను విన్నన్ని ఏ ప్రొఫెసరూ విని ఉండడు. ప్రొఫెసరు పాఠం మధ్యలో లేచి చాయ్ తాగడానికి పోతాడు. ఆ చాయ్ తెచ్చి తలుపు దగ్గర నిలబడ్డవాడు ఎక్కడికి పోతాడు? అందుకని వాళ్లకు రెండు మూడు నవ్వులాట సంగతులు చెప్పి పంపిస్తుంటాను. ఈ సంగతి మాత్రం ఎన్నడూ చెప్పలేదు. చెప్పబోతే నా నోరు దీన్ని కూడా నవ్వులాట చేస్తుంది. ఆ నోటి మీద నాకు నమ్మకం పోయి చాలా ఏళ్లయింది. అందుకే రాస్తున్నాను.

నా చదువు ఎట్లా ఆగిందో ముందే చెప్పేస్తాను. నిజాం కాలంలో మా బడిలో లెక్కలు ఉర్దూలో చెప్పేవాళ్లు, ఆకలి మాత్రం తెలుగులో అయ్యేది. పోలీస్ యాక్షన్ జరిగిన ఏడాది బడి మూతపడింది. మళ్లీ తెరిచారని మా బాపు చెప్పాడు గానీ నేను విననట్టు ఉండిపోయాను. అట్లా ఉండటంలో నాకు మంచి పేరుండేది. పద్దెనిమిది నిండాక కరీంనగర్‌లో ఒక సర్కారు హైస్కూల్లో చప్రాసిగా కుదిరాను. బడి వద్దని పారిపోయినవాణ్ని పట్టుకొచ్చి బతుకంతా బడి తలుపులే తీయించారు. ఆంధ్రప్రదేశ్ వచ్చాక మమ్మల్ని అటెండర్లు అన్నారు. పేరు మారింది, మోసే బకెట్ మారలేదు.

మా హైస్కూలు వెనక నాలుగు గదుల్లో కొన్నేళ్లపాటు ట్రైనింగ్ కాలేజీ నడిచింది. మా బడి పిల్లలే వాళ్లకు ప్రాక్టీసు పిల్లలు. హైస్కూలు సారు కావాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు. ఏడాది ట్రైనింగు చేయాలి, పరీక్షలు రాయాలి, పిల్లల ముందు నిలబడి లెక్కకు సరిపడా పాఠాలు చెప్పి చూపించాలి. ప్రతి పాఠానికీ ముందుగా నోటుబుక్కులో ప్లాను రాసుకోవాలి. సారు ఏం అడుగుతాడు, పిల్లవాడు ఏం చెప్తాడు, దానికి సారు ఏమంటాడు, అన్నీ అందులో ఉండేవి. పిల్లవాడు ఇంకా ఇంటి దగ్గర గోలీలాడుతుండగానే వాడి జవాబు ఇక్కడ ఎర్ర సిరాతో రాసి ఉండేది. అన్నిటికీ చివర, బయటి ఊరి నుంచి ఒక పరీక్షకుడు వచ్చి గది వెనక బెంచీ మీద కూర్చుంటాడు. ఆయన ముందు చెప్పే పాఠం గట్టెక్కకపోతే తక్కినవన్నీ పాసైనా సర్టిఫికెట్ చేతికి రాదు.

ట్రైనింగ్‌కు వచ్చేవాళ్లలో సగం మంది అప్పటికే ఏళ్ల తరబడి పాఠాలు చెప్తున్న సార్లే. మీసాలు నెరిసినవాళ్లు, కూతురి పెండ్లి చేసినవాళ్లు, చంకలో పాఠం చార్టులు పెట్టుకుని వచ్చి, చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. ఒకాయన భయంతో నాకే నమస్తే పెట్టాడు. నేను వద్దనలేదు.

సైన్సు చెప్పేవాళ్లకు ఖాళీ గ్లాసు పాఠమంటే ప్రాణం. ఖర్చు లేదు, పగిలేది లేదు. సారు ఒక గ్లాసు చూపించి "ఇందులో ఏముంది?" అని అడుగుతాడు. పిల్లలు "ఏమీ లేదు" అంటారు. అప్పుడు సారు గ్లాసు అడుగున ఒక కాగితం కుక్కి, గ్లాసును బోర్లించి బకెట్ నీళ్లలో నిటారుగా ముంచి తీస్తాడు. కాగితం తడవదు. ఎందుకు తడవలేదంటే లోపల గాలి ఉంది, అది నీళ్లకు జాగా ఇవ్వలేదు. ఇంతే పాఠం. వచ్చిన ప్రతివాడూ దీన్నే ఎత్తుకునేవాడు కనుక ఏడో తరగతి ఏ సెక్షన్, అంటే ఏడు-ఏ పిల్లలకు ఇది విసుగెత్తిపోయింది. సారు గ్లాసు చేతిలోకి తీసుకోకముందే వెనక బెంచీవాడు "గాలి" అని ఆవులించేవాడు.

అందుకని ఏడు-బి పిల్లలను పరీక్షల కోసం విడిగా ఉంచేవాళ్లు. వాళ్లకు ఆ పాఠాలు చెప్పనిచ్చేవాళ్లు కాదు. ఏడు-బిలో ఎక్కువ మంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి నడిచి వచ్చేవాళ్లు. కోటు వేసుకున్న మనిషి గదిలోకి వస్తే తల దించుకుని తమ కాళ్లు చూసుకునేవాళ్లు.

ఇప్పుడు బెల్లంపల్లి సారు సంగతి. ఆయనది బెల్లంపల్లి. తండ్రి బొగ్గుబాయిలో పని. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, పట్నం పోయి సైన్సులో డిగ్రీ తెచ్చుకున్నాడు. ఆసిఫాబాద్ దిక్కు ఒక హైస్కూల్లో ట్రైనింగ్ లేని సారుగా ఏడేళ్లు చెప్పాడు. మా దగ్గర ట్రైనింగ్ చేసిన ఏడాది కాగితం పరీక్షలన్నీ పాసయ్యాడు. ఆఖరు పాఠంలో పోయాడు.

ఆ పోవడం నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. ఏడు-బి పిల్లలు నోరు విప్పలేదు. ఆయన ఒకటి అడిగాడు, జవాబు లేదు. ఇంకొకటి అడిగాడు, ఒక పిల్లవాడు ఏడుపు మొహం పెట్టాడు. వెనక పరీక్షకుడు కాగితం తిప్పిన చప్పుడు వినబడింది. అంతే, ఆయన బోర్డు వైపు తిరిగి రాయడం మొదలుపెట్టి గంట అయ్యేదాకా మళ్లీ పిల్లల వైపు తిరగలేదు. మరుసటి ఏడాది ఆ ఒక్క పాఠం కోసం మళ్లీ వచ్చాడు. ఈలోపు పై నుంచి ఉత్తర్వు దిగింది. ఆ ఏడాది గడిచేలోపు ట్రైనింగ్ సర్టిఫికెట్ చూపించని సార్లను తీసేస్తారు.

పరీక్షకు పది రోజులు ముందే సెలవు పెట్టి వచ్చాడు. మధ్యాహ్నం తిండి వేళ నేను సామాన్ల గదిలో కూర్చుంటే వచ్చి పక్కన కూర్చునేవాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నన్ను తమ్మీ అనేవాడు. సార్లు అట్లా పిలవడం నాకు కొత్త. మిగతావాళ్లకు నేను "ఏయ్".

"తమ్మీ, నీకు తీరితె జర పిలగాని తీర్గ కూసో. పాఠం ఒకసారి చెప్పి చూసుకుంట."

"పిలగాడినైతె దెబ్బలు తినాలె గదా సార్. అందుకే ఇడిసిపెట్టిన."

"నేను కొట్టను. గీ గ్లాసుల ఏమున్నది?"

"చాయ్ ఉండె సార్. మెథడ్ సారు తాగిండు."

మెథడ్ సారు అంటే ట్రైనింగ్‌కు వచ్చినవాళ్ల పాఠాలు చూసి దిద్దే లెక్చరరు. చాయ్ విషయంలో ఆయనకు ఏ పద్ధతీ లేదు.

"ఇప్పుడేమున్నది?"

"అడుగుకు చక్కెర ఉన్నట్టున్నది."

ఆయన నవ్వాడు. నవ్వి గ్లాసు కడిగి తుడిచి మళ్లీ నా ముందు పెట్టాడు. "నగులాట ఇడువు. నీ మనసుల ఏమనుకుంటున్నవో గది చెప్పు."

"నిజం చెప్పాల్నా సార్? నాకైతె ఏం లేదనే అనిపిస్తది. పిల్లలు గాలి గాలి అంటరు. గాలంటె కొట్టాలె గదా, కాగితాలు ఎగరాలె గదా. గ్లాసుల గాలేంది? వాళ్లు సార్లు చెప్పిండ్రని అంటరు, గంతె."

ఆయన మొహం వెలిగిపోయింది. "గిదే నాకు కావాలె. గీ జవాబు మీదనే నా పాఠం నిలవడ్డది తమ్మీ."

నన్ను మెచ్చుకుంటున్నాడనుకున్నాను. పాఠానికి ఏం కావాలో చెప్తున్నాడని అనుకోలేదు.

తర్వాత కాగితం కుక్కాడు, గ్లాసు నా చేతికే ఇచ్చాడు. "ముంచు. తడుస్తదా తడువదా?"

"నీళ్లల్ల ముంచినంక తడువక ఏమైతది సార్? నన్ను ముంచినా తడుస్త."

ముంచాను. గ్లాసు కిందికి పోనని చెయ్యిని పైకి నెట్టింది. తీసి వేలు పెట్టి చూశాను. కాగితం పొడిగానే ఉంది. ఏళ్ల తరబడి తలుపు బయట నిలబడి ఆ పాఠం విన్నాను గానీ కాగితం ఎవరూ చూపించలేదు. తలుపు దగ్గరికి మాటలే వచ్చేవి. ఆ రోజు నా వేలికి గాలి తగిలింది. మూడుసార్లు ముంచి మూడుసార్లు చూసుకున్నాను. నేను ఆడుకున్నంతసేపు ఆయన ఆగాడు. నా బడి రోజుల్లో ఇటువంటి సారు ఒక్కడున్నా నేను విననట్టు ఉండేవాణ్ని కానేమో.

"ఇంత మంచిగ చెప్తరు గదా సార్, మరి గా దినం ఏమైంది?"

ఆయన గ్లాసు పక్కన పెట్టి చెప్పాడు. "ఎనకాల ఒక మనిషి కూసుంటె నాకు నోరు ఎండుతది. పిల్లలు నోరు తెరిస్తె సాలు, వాళ్ల ఎంబడి నేను పోత. వాళ్లు గమ్మునుంటె నేను సచ్చిన లెక్కనే. మా బాపు ముప్పై ఏండ్లు బాయిల దిగిండు తమ్మీ. నన్ను ఒక్కనాడు గా బాయి ముంగటికి రానియ్యలే. నా కొడుకు సారు అని పొద్దుందాక చెప్పుకుంటడు. ఈసారి పోతె ఆయనకు మొకం చూపియ్యలేను."

పిల్లలు నోరు తెరిస్తే చాలు. ఆ మాట నా చెవిలో పడింది. పదిరోజులూ మధ్యాహ్నం కూర్చుని పాఠం చెప్పించుకున్నాను. నా కళ్ల ముందు మాత్రం ఏడు-బి పిల్లల దించుకున్న తలలే కనబడేవి.

పరీక్ష రోజు పొద్దున మెథడ్ సారు నన్ను పిలిచాడు. "పది గంటలకు ఏడు-బిని పెద్ద గదిల కూసోబెట్టు. చెప్పిన పని చెయ్యి, ఎచ్చులు పోకు" అన్నాడు. ఆయన పరీక్షకుణ్ని తీసుకురావడానికి డాక్ బంగళాకు పోయాడు. బెల్లంపల్లి సారు పంపు దగ్గర బకెట్ నింపుకుంటున్నాడు.

నేను ఏడు-బిలో ముందు రెండు బెంచీల్లో కూర్చునే తొమ్మిది మందిని లేపి ఏడు-ఏకి పంపాను. ఏడు-ఏ నుంచి తొమ్మిది మంది చురుకైనవాళ్లను ఏరుకొచ్చి ఆ బెంచీల్లో కూర్చోబెట్టాను. మెథడ్ సారుకు పిల్లల మొహాలు తెలియవు, ఆయన ఎప్పుడూ సార్ల నోటుబుక్కులే చూస్తాడు. ఈ ఏటి పిల్లల మొహాలు బెల్లంపల్లి సారుకు అసలే తెలియవు.

"సారు అడిగినదానికి జవాబు చెప్పాలె. గమ్మునున్నోని పేరు పెద్దసారుకు ఇస్త" అన్నాను.

"మాకు గీ పాఠం వస్తది చప్రాసన్న" అన్నాడు ఒకడు.

"వస్తదనే తెచ్చిన" అన్నాను.

మీరు ట్రైనింగ్ చదివేవాళ్లు, ఇక్కడే నవ్వుకుంటారు. నేను చదివిన బడిలో పరీక్ష అంటే జవాబు రావడం. వస్తే కూర్చో, రాకపోతే గోడకుర్చీ. జవాబు రాకపోతేనే మొదలయ్యే పాఠం ఒకటుంటుందని, దానికి సర్టిఫికెట్ ఇస్తారని నా ఆరో జమాతు బుర్రకు ఎక్కలేదు. పది రోజులు ఆయన ఎదురుగా కూర్చుని, నేనే ఆ జవాబు ఇచ్చి కూడా ఎక్కలేదు.

పరీక్షకుడు వచ్చాడు. కోస్తా దిక్కు పెద్దమనిషి, సన్నగా, మర్యాదగా ఉన్నాడు. పిల్లలకు తానే ముందు నమస్కారం పెట్టి వెనక బెంచీలో కూర్చున్నాడు. బకెట్ బల్ల కింద ఉంది, దాని మీద గుడ్డ కప్పి ఉంది. బెల్లంపల్లి సారు గ్లాసు తీసి పైకి ఎత్తాడు. గొంతు బాగానే పలికింది.

"పిల్లలూ, ఈ గ్లాసులో ఏమున్నది?"

తొమ్మిది చేతులు లేచాయి. "గాలి సార్."

నేను తలుపు దగ్గర మురిసిపోతున్నాను.

ఆయన ఆగాడు. ప్లానులో ఎర్ర సిరాతో రాసిన జవాబు అది కాదు. "గాలి అని ఎట్ల తెలుసు?" అన్నాడు, అప్పటికి దొరికిన మాట అది. ముందు బెంచీవాడు లేచి నిలబడి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

"కాగితం కుక్కి, బోర్లించి, బకెట్ల ముంచితె తడువది సార్. గాలి స్థలాన్ని ఆక్రమించును సార్. బకెట్ బల్ల కింద ఉన్నది సార్."

ముందు బెంచీలు నవ్వాయి. వెనకవాళ్లకు ఎందుకు నవ్వుతున్నారో తెలియలేదు. బెల్లంపల్లి సారు గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. పాఠం మొదలుపెట్టక ముందే అయిపోయింది. అప్పుడు ఆయన మొహం చూశాను. నా మురిపెం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఏదో తప్పు జరిగిందని తెలిసింది గానీ ఏమిటో ఇంకా తెలియలేదు.

ఆయన బల్ల కింది నుంచి బకెట్ లాగాడు. కాగితం కుక్కి, ముంచి, తీసి చూపించాడు. ముందు బెంచీలవాళ్లు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. వెనక ఉన్న ఏడు-బి పిల్లలు మాత్రం బెంచీల మీద మోకాళ్లేసి లేచి చూశారు. వాళ్లలో ఒక పిల్లవాడు, ఆ క్లాసులో ఎన్నడూ నోరు తెరవనివాడు, "అది ఎందుకు తడువలేదు సార్?" అన్నాడు.

సారు వాడి వైపు తిరిగాడు. చెప్పబోయాడు. అప్పటికే పరీక్షకుడు లేచి ముందుకు వచ్చాడు.

"ఈ పాఠం ఇంతకుముందు విన్నావా బాబూ?" అని ముందు బెంచీవాణ్ని అడిగాడు.

"విన్న సార్. ఐదుసార్లు" అన్నాడు వాడు గర్వంగా.

"ఇది మీ తరగతేనా?"

"కాదు సార్. మాది ఏ. చప్రాసన్న ఈడ కూసోమన్నడు."

నన్ను లోపలికి పిలిచారు. పిల్లలు, మెథడ్ సారు, బెల్లంపల్లి సారు, అందరూ నా వైపే చూస్తున్నారు. "వీళ్లను ఇక్కడ ఎవరు కూర్చోబెట్టమన్నారు?" అన్నాడు పరీక్షకుడు. గొంతులో కోపం లేదు. నిజం చెప్పడానికి అది మంచి సమయం. ఇద్దరు ముగ్గురు పిల్లలు నేనేమంటానా అని అప్పుడే నవ్వు మొహం పెట్టుకుని ఉన్నారు. నా నోరు వాళ్లను చూసింది.

"ఎవరు చెప్పాలె సార్? మీ అసొంటి పెద్దలు వస్తె పాత కప్పుల చాయ్ పోస్తమా? మంచి కప్పు తీస్తం. గట్లనే పిల్లలను గూడ మంచోళ్లను తీసినం."

పిల్లలు పగలబడి నవ్వారు. పరీక్షకుడు నవ్వలేదు. పెన్ను మూత తీసి రాసుకున్నాడు. మెథడ్ సారుకు కాలేజీ పేరు భయం పట్టుకుంది. "మాకేం సంబంధం లేదు సార్. గీ అభ్యర్థి పది దినాల సంది చప్రాసితోని సామాన్ల గదిల కూసుంటున్నడు. నేను కండ్లార చూసిన" అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

బెల్లంపల్లి సారు గ్లాసులోంచి ఆ ఎండు కాగితం తీసి, జేబులో పెట్టుకుని, బకెట్ ఎత్తుకుని బయటికి పోయి నీళ్లు పారబోశాడు. అది నేను చేయవలసిన పని.

మా ఆఫీసులో రిజిస్టర్లు కుట్టే దఫ్తరి చాచా ఉండేవాడు. నిజాం కాలం నుంచి ఉన్న మనిషి, నన్ను కొడుకులా చూసేవాడు. ఆయన దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆయనే నాకు విడమరిచి చెప్పాడు, పిల్లలకు రాకపోవడమే ఆ పాఠానికి కావలసిందని. అప్పుడు తెలిసింది నేనేం చేశానో.

"పోయి చెప్త చాచా. నా పనే అని చెప్త."

"చుప్ కూసో బేటా. ఆయనది పరీక్ష పోయింది. నీది నౌకరి పోతది. రెండు పోతె ఎవలికి ఫాయిదా?"

ఆ పొద్దు ఊరుకున్నాను. చాచా మీద తోయను. నాకే భయమైంది.

తెల్లారి లేచి డాక్ బంగళాకు పోయాను. పరీక్షకుడు పెట్టె కట్టుకుంటున్నాడు. చేతులు జోడించి చెప్పాను. పిల్లలను మార్చింది నేను, సారుకు ఏమీ తెలియదు, మంచి జరుగుతుందనుకుని చేశాను అని. ఒక్క నవ్వులాట మాట లేకుండా చెప్పాను. అట్లా మాట్లాడటం నాకు అలవాటు లేదు, నా చెవులకే అబద్ధంలా వినబడింది.

ఆయన ఓపికగా విన్నాడు. "నిన్న అడిగితే హాస్యమాడావు. ఇవాళ ఇలా చెబుతున్నావు. ఆయన పంపించాడా నిన్ను?"

"లేదు సార్. ఆయనకు నేనొచ్చింది గూడ తెల్వదు."

"మరి పది రోజులు నీ దగ్గర కూర్చుని ఏం చేసేవాడు?"

"పాఠం చెప్పేటోడు సార్."

"ఏ పాఠం?"

అబద్ధం చెప్పాలని తట్టలేదు. నిజం చెప్పడానికి వచ్చాను గదా. "గదే సార్. గ్లాసు పాఠం."

ఆయన తల ఊపాడు. జాలిగానే ఊపాడు. "పరీక్షలో చెప్పబోయే పాఠం, పరీక్షకు పిల్లలను కూర్చోబెట్టే మనిషికి, పది రోజులు. దీన్ని నేనేమని రాయాలి, నువ్వే చెప్పు."

ఎన్నడూ మాటకు తడుముకోనివాణ్ని, దండం పెట్టి వచ్చేశాను. బయటికి వచ్చాక తెలిసింది, నిన్నటిదాకా ఆయన దగ్గర అనుమానమే ఉంది, దానికి సాక్ష్యం నేను నడిచిపోయి చేతికిచ్చి వచ్చాను.

బస్టాండులో బెల్లంపల్లి సారు పెద్దపల్లి బస్సు కోసం నిలబడి ఉన్నాడు. అక్కడి నుంచి రైలు. ఆయనకు కూడా చెప్పాను, ముందు చేసింది, ఇప్పుడు చేసింది, రెండూ. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"ఎందుకు చేసినవ్ తమ్మీ?"

"పిల్లలు నోరు తెరిస్తె సాలంటిరి గదా సార్."

"గా మాట నేనే అన్న" అన్నాడు. బస్సు వచ్చింది. ఎక్కుతూ మెట్టు మీద ఆగి అడిగాడు. "గా ఎనకబెంచి పిలగాడు అడిగిండు గదా, ఎందుకు తడువలేదని. వానికి ఎవరన్న చెప్పిండ్రా?"

"లేదు సార్."

"నువ్వు చెప్పు" అన్నాడు.

చెప్పాను. మరునాడే బకెట్ పెట్టి, గ్లాసు వాడి చేతికిచ్చి చెప్పాను. బతుకులో నేను చెప్పిన పాఠం అదొక్కటే. వాడు మూడుసార్లు ముంచుకుని చూశాడు.

పాఠం ముందుగా ఏర్పాటు చేసుకున్నదని తేల్చి, ఆయనను రెండేళ్లు పరీక్షకు రానివ్వలేదు. ఉత్తర్వు ప్రకారం ఆ ఏడే నౌకరీ తీసేశారు. నాకు ఒక మెమో ఇచ్చారు, సంజాయిషీ రాయమన్నారు. మా హెడ్మాస్టరు పెద్దసారు నా తరఫున తానే రాసి సంతకం పెట్టించుకున్నాడు. "వీడు జోకరుగాడు, తెలివిలేక చేసిండు" అని దాని సారాంశం. అంతటితో పోయింది. చప్రాసి కావడానికి ఏ ట్రైనింగూ లేదు, ఏ సర్టిఫికెట్టూ లేదు. లేనిదాన్ని ఎవరు తీసుకుంటారు? పెన్షన్ దాకా హాయిగా నెట్టుకొచ్చాను.

ఏడాది దాటాక, సీలు వేసిన ప్రశ్నపత్రాల పెట్టె ఇచ్చి నన్ను మంచిర్యాలకు పంపారు. పొద్దున్నే పని అయిపోయింది. తిరుగు బండి ఎక్కవలసినవాణ్ని బెల్లంపల్లి బండి ఎక్కాను. అక్కడ దిగి అడిగితే ఇల్లు చూపించారు. బాయి పనివాళ్ల క్వార్టర్ల వరుసలో చివరిది. గుమ్మంలో ఆయన తండ్రి కూర్చుని ఉన్నాడు. దగ్గు మధ్యలో మాట్లాడుతున్నాడు. కరీంనగర్ నుంచి వచ్చాను, బడిలో చప్రాసిని అని చెప్పాను.

"మావోడు పొద్దటి పాళీకి పోయిండు బిడ్డా. లాంపు రూముల దీపాలు ఇచ్చే పని. వచ్చే యాల్లయింది, కూసో." మంచినీళ్లు ఇప్పించాడు. నన్ను పైకీ కిందికీ చూశాడు. "బాయిల దిగనియ్యద్దని ఎంత చేసిన. ఇప్పుడు దిగెటోళ్లకు దీపం ఇస్తుండు. నేను దిగినప్పుడు గూడ వాని చేతుల్నుంచే దీపం తీసుకున్న, మొన్నటిదాక. ఇద్దరం ఒగలి మొకం ఒగలం చూసుకోకపోయేది."

నేను నీళ్లు తాగుతూ ఉన్నాను.

"నువ్వు గాడనే ఉంటవు గదా బిడ్డా. మావోడు ఏం తప్పు చేసిండు? ఎన్నిసార్లు అడిగినా చెప్పడు. ఏడేండ్లు చెప్పినోనికి చెప్పరాదని ఎట్ల అన్నరు? నీకేమన్న ఎర్కనా?"

చెప్పాలనే వచ్చాను. గ్లాసు కింద పెట్టి నోరు తెరిచాను. గుమ్మంలో నీడ పడింది. బెల్లంపల్లి సారు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. తండ్రి అడిగింది విన్నాడు.

"ఆయనకేం ఎర్క బాపు. గేటు కాడ ఉండెటాయన. నాకు మేలు చెయ్యాలెననే చూసిండు, గంతె. చేతులు కడుక్కో తమ్మీ, బువ్వ తిందాం."

పీటలు వేశారు. కంచాల ముందు తండ్రీకొడుకులు తల వంచారు. నేనూ వంచాను. ముసలాయన దగ్గు ఆపుకుంటూ ప్రార్థన చేశాడు. ఈ అన్నం ఇచ్చినందుకు స్తోత్రం అన్నాడు. కష్టకాలంలో మమ్మల్ని యాది చేసుకుని ఇంత దూరం వచ్చిన ఈ మనిషిని, నా కొడుకుకు మేలు కోరిన ఈ మనిషిని, వీని ఇంటిని, వీని పిల్లలను దీవించు ప్రభువా అన్నాడు. నేను కళ్లు మూసుకోలేదు. సారు కూడా మూసుకోలేదు. ఎదురుగా కూర్చుని నన్నే చూస్తున్నాడు, కోపంగా కాదు, ముసలాయన నమ్మకానికి అడ్డం రావద్దన్నట్టు.

ఆమెన్ అన్నాడు ముసలాయన. ఆమెన్ అన్నాడు సారు. ముసలాయన నా నోటికేసి చూస్తూ ఆగాడు. నేనూ అన్నాను. ఆయన సంతోషపడి నా కంచంలో ఇంకో ముద్ద వేశాడు. తిన్నాను.